పది రోజుల కోర్సు

5 ఫిబ్రవరి 2001, సోమవారం. జగ్గయ్యపేట.
నందిగామ వెళ్లి ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. సైనస్‌లో ఇన్‌ఫెక్షనట. పది రోజులు మాత్రలు, రెండు పూటలా ఆవిరి, ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. "కోర్సు మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది మాస్టారూ" అన్నాడు. కాలేజీలో ఇన్నేళ్లుగా నేను చెప్పేదీ అదే! ఆపను.
కారణం ఉంది. మా ఆవిడ మైథిలి పోయి మూడు నెలలు. ఆమె తలగడ గలీబు ఉతకనివ్వకుండా, చేగోడీల స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. సాంబ్రాణి, కొబ్బరినూనె వాసన ఉండాలి అందులో. ఆ వారమే పట్టిన జలుబుతో నాకు ఏ వాసనా తెలియడం లేదు. ముక్కు తెరుచుకున్న రోజు మూత తీస్తాను.

6, మంగళ.
మాత్ర. ఆవిరి. దుప్పటి కింద చెమటతో తడిసిపోయాను. అద్భుతం! ఉప్పునీళ్లు ముక్కులో పోస్తే గొంతులోకి దిగాయి. అయినా ఉత్సాహం తగ్గలేదు.

8, గురు.
స్టాఫ్ రూమంతా వైద్యులే. భవానీప్రసాద్ హోమియో మంచిదన్నాడు. కాఫీ మానాలట. అయితే వద్దు. పక్కింటి జయమణి టీచరు పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమంది. పీల్చాను. వీధి సగం దగ్గింది.
సాయంత్రం కుడి ముక్కు వదిలింది. కాఫీ వాసన లీలగా తగిలింది!
డబ్బా దాకా వెళ్లాను. ఎడమ ముక్కు ఇంకా మూసుకునే ఉంది. రెండూ వదలనీ.

9, శుక్ర.
మాత్ర వేసుకోలేదు. కడుపులో మంట. ఆవిరీ పట్టలేదు. గ్యాసు అయిపోవచ్చింది. ముక్కుకూ విశ్రాంతి కావాలి.

11, ఆది.
చన్నీళ్లతో తలస్నానం. చిల్లకల్లు వెళ్లి, లారీల దుమ్ములో నిలబడి, ఐసు వేయించుకుని చెరకు రసం తాగాను. రాత్రికి రెండు ముక్కులూ దిబ్బడ. హాయిగా ఉంది.
ముక్కు మూసుకుని ఉన్నంతకాలం డబ్బాలో వాసన ఉన్నట్టే. తెరుచుకున్నాక లేకపోతే?

13, మంగళ.
జయమణి చేగోడీలు తెచ్చింది. నేను స్నానంలో ఉన్నాను. వాటిని పోద్దామని అలవాటుగా ఆ డబ్బా దింపి మూత తీసిందట. నేను వచ్చేసరికి గలీబు ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని పాత మడతలోనే మడిచి, లోపల పెట్టి, మూత బిగించి అరచేత్తో తట్టింది.
"శుక్రవారం తలంటుకుని సాంబ్రాణి పట్టేది కదండీ అక్క. ఉందండి ఇంకా."
గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
"కొంచెమే ఉంది మాస్టారూ. ఆ మాత్రలేవో తొందరగా మింగండి."

14, బుధ.
తొలి బస్సుకు నందిగామ. డాక్టరు తిట్టి, మళ్లీ మొదటినుంచి రాశాడు. మాత్ర వేసుకున్నాను. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.
చేగోడీలు గిన్నెలోనే మెత్తబడుతున్నాయి. డబ్బా ఖాళీగా లేదు.