ఎనిమిది అంగుళాల సబ్ వూఫర్

ఫిబ్రవరి 3

మా స్టీరియోలో పస లేదు. ఏ పాట పెట్టినా దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. లోతు మోతల కోసం విడిగా ఒక సబ్ వూఫర్ పెట్టె తగిలిస్తే ప్రాణం లేచొస్తుందని మిల్లులో ఎలక్ట్రీషియన్ అన్నాడు. నా జీతానికి అందేది చూడాలి. సంగతి చెబితే మా ఆవిడ వంటింట్లోంచి ఏదో గొణిగింది. ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు.

ఫిబ్రవరి 5

ఎలక్ట్రీషియన్ పన్నెండు అంగుళాలది కొనమంటాడు. మా ముందు గది పదడుగులు. అది లోపల పెడితే మేం మెట్లమీద కాపురం పెట్టాలి. ఎనిమిది చాలని ఇంటర్నెట్‌లో రాశారు. వెనక గొట్టం ఉన్నవాటికి మోత ఎక్కువ. అన్ని వైపులా మూసిన పెట్టె అయితే దెబ్బ కచ్చితంగా పడుతుందట. పైగా మా పాత ఆంప్లిఫయర్‌కి సబ్ కోసం వేరే పిన్ను లేదు, స్పీకర్ వైర్లతోనే పనిచేసేది కావాలి. అన్నీ ఉన్నది కొనలేను. కొనగలిగినదాంట్లో ఏదో ఒకటి ఉండదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ఏ సబ్ మంచిదే అని అడిగాను. తనకేం తెలుసు అందట. వాళ్లమ్మ మళ్లీ చెబితే అర్థమైంది.

తెలియకపోవడమేం? ఆరేళ్లు పాట నేర్చుకుంది. పదహారో ఏట పోటీలో పాడి స్టేజి దిగి వచ్చినప్పుడు, నోట్లో గుడ్డ కుక్కుకుని పాడావేమే అన్నాను. టీచర్ ఎదురుగానే. ఉన్నమాటే అన్నాను. మర్నాటి నుంచి పాట మానేసింది. ఎనిమిదేళ్లయింది. ఒక్క మాటకే అంత పౌరుషమా?

ఫిబ్రవరి 11

మూడు షాపులు తిరిగాను. ఉత్త డబ్బా మోత.

ఫిబ్రవరి 14

నాలుగో షాపాయన పెద్దమనిషి. మీకు అలవాటైన పాటలు తెచ్చుకోండి, వాటితోనే తెలుస్తుంది అని నిన్న చెప్పాడు. మా ఆవిడ పాటలు దాచుకున్న పెన్ డ్రైవ్ పట్టుకెళ్లాను. మూసిన పెట్టె, ఎనిమిది అంగుళాలు, ధర నాకు అందేదే. నేలలోంచి అరికాళ్లకు తగిలింది దెబ్బ. ఇదే, ఇదే అనుకున్నాను.

మూడో పాట వచ్చింది. కేబుల్ కొనడానికి వచ్చినావిడ డబ్బు తీయబోతూ చెయ్యి అలాగే ఆపేసింది. ఎవరండీ పాడేది అని గట్టిగా అడిగింది. నాకు మృదంగం వినిపిస్తోంది, దాని వెనక ఏదో మసక. స్క్రీన్ మీద మా అమ్మాయి పేరు ఉంది. టీచర్ చేయించిన రికార్డింగ్.

గొంతు సరిగ్గా రావడం లేదు, ఈ పెట్టెలో లోపం ఉంది అన్నాను. గొంతు వచ్చేది ఈ పెట్టెలోంచి కాదండీ అంటూ ఆయన సబ్ ఆపేశాడు. మృదంగం పలచబడింది. వెనకున్న మసక మాత్రం అలాగే ఉంది. ఆయన నాకేసి ఒకసారి చూసి, పాట తీసేసి, ఉత్త శబ్దం ఒకటి పెట్టాడు. వినబడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచమన్నాడు. బొంగురుగా మొదలై, సన్నబడుతూ పైకి పోయింది. పోయింది. ఆగిపోయింది. చెయ్యి దించాను.

కేబుల్ ఆవిడ రెండు చెవులూ మూసుకుని ఉంది.

ముందు చెవులు చూపించుకోండి, పెట్టె ఎక్కడికీ పోదు అన్నాడాయన. ప్యాక్ చెయ్యండి అన్నాను.

ఫిబ్రవరి 15

అమ్మాయి రాలేదు, డ్యూటీ అట. సబ్ అట్టపెట్టెలోనే ఉంది.

ఫిబ్రవరి 19

చెవి డాక్టర్ గ్రాఫ్ చూపించింది. గీత సగం దాకా బాగానే నడిచి, అక్కడ గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. ఎక్కడ పని అని అడిగింది. స్పిన్నింగ్ మిల్లు, ఫిట్టర్, ఇరవయ్యారేళ్లు. ఇయర్ ప్లగ్స్ పెట్టుకునేవారా అంది. పెట్టుకునేవాళ్లని ఏడిపించేవాడిని. అది చెప్పలేదు.

ఇది ఎప్పటినుంచి అయుంటుందన్నాను. కనీసం పదేళ్లు అంది.

పదేళ్లు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెప్పేశాను. గ్రాఫ్ ముందు పెట్టి చెప్పాను. ఆ రోజు నువ్వు బాగానే పాడావేమో, నాకే వినబడలేదు, తప్పు నీ గొంతుది కాదు అన్నాను. లోపల ఒక ఆశ ఉంది. ఏడుస్తుందని, పోనీలే నాన్నా అంటుందని.

రోజూ ఎవరివో ఒకరి రిపోర్టులు చూసే పిల్ల. కాగితం శ్రద్ధగా చదివింది. మడతపెట్టి నా చేతికిచ్చింది. నా మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, నాకు అర్థమయ్యేలా అంది.

"నీకు వినబడలేదు, సరే. నువ్వన్నది నాకు వినబడింది కదా, నాన్నా."

బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. గొడవేం పడలేదు. పడినా బాగుండేది.

మార్చి 12, ఉదయం

నిన్న చెవులకు మిషన్ పెట్టారు. వంటింట్లో పంపు కారుతోంది. ఎన్నాళ్ల నుంచని మా ఆవిడను అడిగాను.

చెబుతూనే ఉన్నానుగా అంది.