అత్త నోట్లో నిప్పు

మంగళవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. అత్త పై దవడకి స్క్రూలతో బిగించబోయే పళ్ళ సెట్టుని కంప్యూటర్‌లో పరీక్షించే పని నాదే. నమలడం, కొరకడం, పళ్ళు నూరడం, అన్నీ పెట్టి చూశాను. ఎముక మీద ఒత్తిడి మితిమీరితే తెర మీద ఎరుపు రావాలి. ఎక్కడా రాలేదు, అంతా నీలమే. ఆ మాట నేనే చెబుదామని సాయంత్రం మధురవాడ నుంచి భీమిలి వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని అత్త చుట్ట వెలిగించింది. మండే కొనని నోట్లోకి తిప్పి పెదాలు మూసేసింది. అడ్డపొగ! చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కంప్యూటర్‌లో అత్త నోటి మోడల్ కట్టేటప్పుడు ఒక్కసారీ గుర్తు రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"పొగ తాగనని డాక్టరుకి చెప్పావు కదత్తా?"

"సిగరెట్టు కాలుత్తావా అనడిగినాడు. నేదన్నాను. నానెప్పుడైనా సిగరెట్టు ముట్టినానేటే?"

నవ్వొచ్చింది గానీ బస్సెక్కేదాకా కూడా నిలవలేదు. నా మోడల్‌లో ఆ నోటికి ఒంటి వేడి తప్ప వేరే వేడి తెలియదు. రోజూ నిప్పు తగిలితే సెట్టు అడుగున ప్లాస్టిక్ ఏమవుతుంది? స్క్రూల చుట్టూ ఎముక? రేపు డాక్టరుకి చెబితే ముందు చుట్ట మానమంటాడు, అప్పటిదాకా పళ్ళు పెట్టడు. చెప్పకపోతే ఆ నీలం రిపోర్టు కింద సంతకం నాది.

వచ్చేముందు మానెయ్యమని బతిమాలాను. అత్త నా వైపు జాలిగా చూసింది.

"పళ్ళు నేక సుట్ట జారిపోతందే. అందుకే గదా పళ్ళెట్టించుకుంటన్నాను!"