జాకెట్టుకి లెక్క కుదిరింది

చెల్లాయికి ఆశీస్సులు. నేను కులాసా, దిగులు పడకు.

"దర్జీకి ప్రోగ్రామింగ్ ఎందుకక్కా, ఈ వయసులో?" అన్నావుగా, విను. కొలతలిస్తే జాకెట్టు ముక్కలు ఎంతెంత కత్తిరించాలో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. దాని మాట నమ్మి నాకే ఒకటి కుట్టుకుంటే చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. కంప్యూటరు క్లాసులో ఆ సంగతి చెబితే అంతా ఒకటే నవ్వు. ఏడుపొచ్చి మానేద్దామనుకున్నాను. మర్నాడు కొట్లో కత్తెర పట్టుకున్నాక వెలిగింది. కుట్టుకని అంచుల్లో గుడ్డ వదలడం నా చేతికి అలవాటు. నేను చెప్పకపోతే కంప్యూటరుకెలా తెలుస్తుంది? ఆ ముక్క అందులో రాశాను. కొత్త జాకెట్టు అతికినట్టు సరిపోయింది! అది వేసుకునే క్లాసుకెళ్లాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "పాసయ్యారమ్మా!" అన్నారు. నవ్విన వాళ్లే చప్పట్లు కొట్టారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగు చేయించావా? నా పాత మిషను ఎవరికీ ఇచ్చెయ్యకు. మరిదిగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీకూ ఒకటి కుడతాను, కొలతలు పంపు. నడుము తగ్గించి రాశావో, నీ ఖర్మ. నేనైతే మొహమాటానికి కాస్త వదులు పెట్టేదాన్ని. కంప్యూటరుకి ఆ మొహమాటం ఇంకా నేర్పలేదు.

మీ అక్క