మీ సొంత ఊరు

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. మన బెంగళూరు నగర్తపేట అరుగు మీద మీ వాదన మాత్రం ఈ ఎన్నికల్లోనూ సాగుతోంది. పనులూ రేషనూ ఇక్కడివాళ్ళకే ఇవ్వాలట, బయటివాళ్ళ కార్డులు తీసేయాలట. అలాగే కోరుతూ మీరు రాసిచ్చిన అర్జీకి ఇన్నాళ్ళకు ఫలితం వచ్చింది. నిన్న రేషను ఆఫీసులో నా కార్డే కొట్టేశారు.

మూడు తరాలుగా మనవాళ్ళెవరూ ఉండని హిందూపురాన్ని, ఇంటిదేవుడు అక్కడున్నాడని, ప్రతి ఫారంలోనూ సొంత ఊరుగా రాసేవారు కదా. గుమాస్తా దాన్నే వేలు పెట్టి చూపించాడు.

"నేను పుట్టింది ఈ పేటలోనేనప్పా," అన్నాను.

"మీ ఇంటాయనే ఇట్లా రాసిండాడు కదమ్మా. బయటోళ్ళవి తీసెయ్యమని అర్జీ ఇచ్చిండేదీ ఆయప్పే."

నా వెనకే సెల్వి నిలబడి ఉంది. మీ అర్జీలో తీసేయమన్న మొదటి పేరు ఆ తమిళావిడదే. సొంత ఊరు బెంగళూరని రాసుకుంది, ఆమె కార్డు నిలిచింది. బయటికొచ్చాక తన బియ్యంలో సగం నా సంచిలో పోసింది.

ఇంట్లో వేరే గింజ లేదు. రేపు మీకు పిండం ఆ బియ్యంతోనే పెట్టిస్తాను. అలిగి మానేస్తారో, నోరు మూసుకుని తింటారో మీ ఇష్టం.