నూట ఇరవై గీతలు

మార్చి 9. మబ్బు పట్టింది, చినుకు పడలేదు. పొద్దున కుళాయికి వాషర్ మార్చాను.

నా మనిషివైన నీకు,

ఇంటికి వేయించిన సున్నం వాసన పడదని నిన్ను మీ అక్కగారింట్లోనే ఇంకొన్నాళ్లు ఉండమన్నాను. సున్నం ఎప్పుడో ఆరింది. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు మీ కుట్టు షాపు కటింగ్ మాస్టర్ స్కూటర్ మీంచి పడ్డ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీ కడుపులో ప్లీహం చితికిందని తీసేశారు. నేను ఆసుపత్రికి చేరేసరికి అతను మోచేతి మడతలో దూది పెట్టుకుని, "భయపడకండి బావగారూ, నా రక్తం ఇచ్చాను" అన్నాడు. బావగారట. నీ ప్రాణం నిలిచింది, సంతోషించాల్సిన మాటే. కానీ తర్వాత నీ మొహంలోకి రంగు వస్తుంటే అది అతని రంగే అనిపించేది. చూడలేకపోయాను.

బైండింగుకి వచ్చిన వైద్య పుస్తకం కుడుతూ చదివాను. ఎర్ర కణం నూట ఇరవై రోజులు బతుకుతుందట. గోడ మీది క్యాలెండర్‌లో రోజుకొక గీత పెట్టాను. అతని రక్తం పోయాకే నువ్వు రావాలని. నిన్న అరవై ఒకటో గీత పెట్టి ఆ పుస్తకంలో తర్వాతి పేజీల కట్ట కుట్టాను. అందులో ఉంది, ముసలి కణాలను ఏరి పారేసేది ప్లీహమేనని. ఆ జల్లెడే నీకు లేదు. ఇక అతను నీలోంచి ఎన్నటికీ పోడు.

నవ్వకు.

నీ ఇంటాయన

మార్చి 12

మా బైండరుగారికి,

నవ్వొద్దన్నారు. నవ్వితే గాయం మచ్చ లాగింది, అక్క కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

సగం చదివి కాపురం చేస్తే ఇలాగే ఉంటుంది. ప్లీహం లేకపోతే ఆ ఏరివేత పని కాలేయం చూసుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో మాట. మాస్టర్ రక్తం గ్రూపు నాకు కలవనే లేదు. అతనిచ్చింది ఆసుపత్రి నిల్వలోకి పోయింది. నాకెక్కించింది ఎవరిదో, ఆడో మగో కూడా తెలీదు. ఇప్పుడెవరి మీద కుళ్లుకుంటారు?

ఆ తీసేసిన ప్లీహం రోగక్రిములతో పోరాడేది కూడా. ఇకమీదట ఒళ్లు కాస్త వెచ్చబడినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలట. పోయిన వారం నాకు జ్వరమొచ్చింది. బావ ఊళ్లో లేడు. మాస్టర్‌నే పిలిచాం. మీరు గీతలు పెట్టుకుంటున్నారు కదా.

ఆదివారం వస్తున్నాను, ఆ స్కూటర్ మీదే. సున్నం ఆరినా ఆరకపోయినా.

మీ జల్లెడ లేనిది

మార్చి 15, ఆదివారం. ఎండ. మంచం కిటికీ దగ్గరికి జరిపాను. థర్మామీటర్ కొని తలగడ పక్కన పెట్టాను.

నా జల్లెడ లేనిదానికి,

కాసేపట్లో వస్తావు. అయినా మొహం చూసి అనలేనని రాసి పెడుతున్నాను. జ్వరం రోజున నీ పక్కన ఉండాల్సింది నేను. ఎవరు మోసుకెళ్లారని కాదు, నేను లేనని ఇప్పుడు కుళ్లుకుంటున్నాను. పుస్తకం చివరిదాకా చదివాను. కాలేయం సంగతి ఉంది.

క్యాలెండర్ దించేశాను. అది ఉన్నచోట గోడ మీద ఎదురింటి ఆటో అతని నంబరు పెద్దక్షరాలతో రాశాను. మాస్టర్ నంబరూ రాశాను, దాని కింద, కాస్త చిన్నగా.

స్కూటర్ చప్పుడు. నెమ్మదిగానే నడుపుతున్నాడు. అతణ్ణీ లోపలికి రమ్మంటాను. టీకి నీళ్లు పెట్టాను. మూడు గ్లాసులు తీశాను.