టోపీ అద్దం సంగతి

మహాలక్ష్మీ, నేను చెంచమ్మను, డెబ్బై దాటిన నీ అత్తను, నీ మొగుడికి వండిపెట్టేదానికి రేవుకొచ్చి ఉన్నదాన్ని. ఫోనైతే వాడు వింటాడని కార్డు రాయిస్తున్నా. రంగు వేసేముందు పడవ ఇనుము మీద గాలిగొట్టంతో ఇసుక కొట్టి తుప్పు రాలగొట్టేది వాడి పని గదా. ఆ ఇసుక తగిలి వాడి మొగానికి అడ్డముండే టోపీ అద్దం మసకేసింది. ఇనుము తెల్లబడిందో లేదో కనపడక టోపీ ఎత్తి చూస్తాండాడు. దుమ్మంతా లోపలికే పోతాంది. పండుకుంటే ఒకటే దగ్గు. మేస్త్రీని అద్దమడిగితే నవ్వినాడు. పని సాగకుండా గొట్టం మీద కూర్చున్నా, కొత్తద్దం తెచ్చినాకే లేచినా. అయినా వీడికి ఎత్తే అలవాటు పోలేదు. నా మాట లెక్కలేదు. నువ్వు ఫోన్ చేసి బిడ్డ మీద ఒట్టేయించు. చూడిమేక ఈనిందా? బిడ్డకు, నీకు నా దీవెనలు.

చెంచమ్మ వేలిముద్ర. సాక్షులు: టీ అంగడి పుష్పకుమారి, ఈ కార్డు రాసిన, వాడితోబాటు ఇసుక కొట్టే పెంచల్. వీడూ టోపీ ఎత్తేవాడే, వీడి చేత ఒట్టేయించినాకే వేలు పెట్టినా.