నీ వీపు మీద చారలు

నాన్నా,

మన బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతర మొదలైంది. ఈసారి మన వీధి పులి వేషాలకు రంగులు వేస్తున్నది నేనే. ఛత్రపూర్‌లో ఉద్యోగం మానేసి ఈ రంగుల పనిలోకి దిగానని అమ్మ చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. నిన్న టీ తెచ్చిచ్చి, కాసేపు నిలబడి చూసి, "ఆఫీసుకెల్లినన్నాళ్లూ నీ మొగం ఇలగ ఎలిగిపోలేదే" అంది.

నువ్వు పులి వేషం కట్టినప్పుడల్లా ముందువైపు నువ్వే రంగు పూసుకుని, చెయ్యందని వీపు నాకు వదిలేసేవాడివి. నేను చారలు దిద్దుతుంటే "ఎలగొచ్చిందమ్మా?" అని అడిగేవాడివి. నాకు రంగుల పిచ్చి పట్టింది అక్కడే.

ఇప్పుడు ఎవరి వీపు పూర్తయినా ఫోనులో ఫొటో తీసి వాళ్లకు చూపిస్తాను. బరంపురమంతా చూసిన నా మొదటి బొమ్మను నువ్వొక్కడివే చూడలేదు.